జావా కలెక్షన్లపై లూప్: ఏ పనికి ఏ పద్ధతి ఎంచుకోవాలి

జావాలో ఒక లిస్టులోని ఎలిమెంట్లన్నిటినీ మొదటి నుంచి చివరి దాకా చూడటానికి ప్రధానంగా ఐదు మార్గాలు ఉన్నాయి: ఇండెక్స్‌తో (స్థాన సంఖ్యతో) నడిచే పాత ఫర్ లూప్, ఇటరేటర్‌ను (ఎలిమెంట్లను ఒక్కొక్కటిగా అందించే ఆబ్జెక్టును) పట్టుకుని నడిచే వైల్ లూప్, 2004లో జావా 5తో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఫర్, 2014లో జావా 8తో వచ్చిన ఫర్‌ఈచ్ మెథడ్, అదే విడుదలలో వచ్చిన స్ట్రీమ్స్. ఇవన్నీ ఒకే పని చేస్తాయన్న నమ్మకంతో చాలామంది అలవాటును బట్టి ఏదో ఒకటి వాడేస్తారు. కొత్తది కాబట్టి స్ట్రీమ్ మంచిదని కొందరు, వేగంగా ఉంటుందని ఇండెక్స్ మంచిదని కొందరు వాదిస్తారు. రెండూ బలహీనమైన కారణాలే. ఎంచుకునే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: లూప్ నడుస్తున్నంతసేపూ మీరు ఆ కలెక్షన్‌ను ఏం చేయబోతున్నారు? చూసి వదిలేస్తారా, అందులోంచి కొన్నిటిని తీసేస్తారా, ప్రతిదాని స్థానమూ తెలియాలా, దాని ఆధారంగా కొత్త ఫలితం తయారు చేసుకుంటారా అన్నది తేలితే ఎంపిక దాదాపు తనంతట తానే తేలుతుంది.

ఉదాహరణకు ఒక అపార్ట్‌మెంట్ సంఘం నెలనెలా వసూలు చేసే మెయింటెనెన్స్ బిల్లుల లిస్టును తీసుకుందాం. ప్రతి బిల్లు ఆబ్జెక్టులోనూ ఫ్లాట్ నంబరు, బ్లాకు పేరు, కట్టవలసిన మొత్తం, కట్టారా లేదా అన్న గుర్తు ఉంటాయి. బిల్లులను ప్రింటు చేయడం, వాటికి వరుస సంఖ్యలు వేయడం, కట్టేసినవాటిని లిస్టులోంచి తొలగించడం, బ్లాకువారీగా బకాయి తేల్చడం అనే నాలుగు పనులకూ లూప్ కావలసిందే అయినా, ఈ నాలుగింటికీ ఒకే లూప్ సరిపోదు.

చూసి వదిలేసే పనికి

బిల్లులను ఒక్కొక్కటిగా చూసి ప్రింటు చేయడమే పని అయితే ఎన్‌హాన్స్‌డ్ ఫర్‌ను మించినది లేదు. బ్రాకెట్లలో ఎలిమెంటు రకం, దానికి ఒక పేరు, కోలన్, ఆ తర్వాత కలెక్షన్ పేరు రాస్తే చాలు. సున్నాతో మొదలుపెట్టాలా ఒకటితో మొదలుపెట్టాలా, చివర ‘చిన్నది’ గుర్తు పెట్టాలా ‘చిన్నది లేదా సమానం’ గుర్తు పెట్టాలా అన్న సందేహాలకు అక్కడ చోటే ఉండదు. ఇది కొత్త యంత్రాంగమేమీ కాదు. ఇచ్చినది అర్రే అయితే కంపైలర్ దాన్ని ఇండెక్స్ లూప్‌గా మారుస్తుంది. ఇటరబుల్ ఇంటర్‌ఫేస్‌ను అమలు చేసే ఆబ్జెక్టు అయితే దాని ఇటరేటర్‌ను అడిగి తీసుకుని, హ్యాజ్‌నెక్స్ట్, నెక్స్ట్ మెథడ్లను పిలిచే లూప్‌గా మారుస్తుంది. అందుకే అర్రే లిస్టయినా, లింక్డ్ లిస్టయినా, హ్యాష్ సెట్టయినా, మీరే రాసుకున్న క్లాసయినా ఒకే రాత సరిపోతుంది, రేపు లిస్టు రకం మారినా లూప్‌ను ముట్టుకోవలసిన అవసరం రాదు.

మధ్యలో బ్రేక్‌తో ఆపవచ్చు, కంటిన్యూతో ఒకదాన్ని దాటేయవచ్చు, రిటర్న్‌తో మెథడ్ నుంచే బయటపడవచ్చు, చెక్డ్ ఎక్సెప్షన్‌ను (పట్టుకోవాలని లేదా ప్రకటించాలని కంపైలర్ పట్టుబట్టే రకాన్ని) యథాతథంగా పైకి పంపవచ్చు. వీటి విలువ ఫర్‌ఈచ్ మెథడ్ దగ్గరికి వచ్చాక తెలుస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు రెండు విషయాలలో జాగ్రత్తగా ఉండాలి. లూప్‌లోని ఎలిమెంటు పేరుకు కొత్త బిల్లును అసైన్ చేస్తే లిస్టులో ఏమీ మారదు, ఎందుకంటే అది రిఫరెన్సుకు నకలు మాత్రమే; ఆ బిల్లు ఆబ్జెక్టులోని మొత్తాన్ని మారిస్తే మాత్రం ఆ మార్పు లిస్టులోనూ కనిపిస్తుంది. రెండవది, లిస్టు నల్ అయితే లూప్ మొదలు కాకుండానే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వస్తుంది. దీనికి మందు లూప్ దగ్గర నల్ తనిఖీ పెట్టడం కాదు, లిస్టును ఇచ్చే మెథడ్ నల్ బదులు ఖాళీ లిస్టును ఇచ్చేటట్టు రాయడం.

స్థానం అవసరమైనప్పుడు

వరుస సంఖ్య వేయాలన్నా, ఒక బిల్లును దాని ముందున్నదానితో పోల్చాలన్నా, బిల్లుల లిస్టునూ రసీదుల లిస్టునూ సమాంతరంగా నడపాలన్నా ఇండెక్స్ లూప్ తగినది. చివరి అవసరానికి స్ట్రీమ్స్ కూడా సాయం చేయవు, రెండు స్ట్రీములను జతజతలుగా కలిపే జిప్ మెథడ్ జావా ప్రామాణిక లైబ్రరీలో లేదు.

అయితే ఇండెక్స్ లూప్ రాసేముందు చేతిలో ఉన్న లిస్టు ఎలాంటిదో తెలిసి ఉండాలి. అర్రే లిస్టులో గెట్ మెథడ్ నేరుగా ఆ స్థానానికి వెళుతుంది. లింక్డ్ లిస్టులో అది మొదటి నుంచో చివరి నుంచో, ఏది దగ్గరైతే అటునుంచి ఒక్కొక్క నోడ్ (ఒక ఎలిమెంటును పట్టుకుని ఉండే గొలుసు కొక్కెం) దాటుకుంటూ వెళ్ళాలి. లక్ష ఎలిమెంట్లున్న లింక్డ్ లిస్టుపై ఇండెక్స్ లూప్ నడిపితే మొత్తం దాటవలసిన నోడ్లు సుమారు 250 కోట్లు. అదే లిస్టుపై ఎన్‌హాన్స్‌డ్ ఫర్ నడిపితే లక్ష. మెథడ్‌కు వచ్చే పారామీటరు రకం లిస్ట్ అని మాత్రమే ఉన్నప్పుడు లోపల ఏది ఉందో రాసేవారికి తెలియదు కాబట్టి ఈ ప్రమాదం కోడ్‌లో కంటికి కనిపించదు. గెట్ చౌకగా పనిచేసే లిస్టులను గుర్తించడానికే జావా 1.4లో ర్యాండమ్ యాక్సెస్ అనే ఖాళీ ఇంటర్‌ఫేస్‌ను చేర్చారు. అర్రే లిస్ట్ దాన్ని అమలు చేస్తుంది, లింక్డ్ లిస్ట్ చేయదు.

వెనక నుంచి ముందుకు నడవడానికి ఇన్నాళ్ళూ ఇండెక్స్ లూప్ లేదా లిస్ట్ ఇటరేటర్ తప్పనిసరి అయ్యేది. 2023లో వచ్చిన జావా 21లో లిస్టులకు రివర్స్‌డ్ మెథడ్ చేరింది కాబట్టి, ఆ వెర్షన్ వాడేవారు దానిపై ఎన్‌హాన్స్‌డ్ ఫర్ పెట్టుకోవచ్చు.

తీసేయవలసి వచ్చినప్పుడు

లూప్ తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. కట్టేసిన బిల్లులను లిస్టులోంచి తొలగించాలనుకుని ఎన్‌హాన్స్‌డ్ ఫర్ లోపల లిస్టు రిమూవ్ మెథడ్‌ను పిలిస్తే సాధారణంగా కాంకరెంట్ మోడిఫికేషన్ ఎక్సెప్షన్ వస్తుంది. పేరులో కాంకరెంట్ ఉన్నా దీనికి రెండు త్రెడ్లు (ఏకకాలంలో నడిచే పనుల వరుసలు) ఉండనక్కరలేదు, ఒక్క త్రెడ్‌లోనే వస్తుంది. అర్రే లిస్టు తన నిర్మాణం మారిన ప్రతిసారీ మాడ్‌కౌంట్ అనే లెక్కను ఒకటి పెంచుకుంటుంది. ఇటరేటర్ పుట్టినప్పుడు ఆ లెక్కను రాసిపెట్టుకుని, నెక్స్ట్ పిలిచిన ప్రతిసారీ సరిచూసుకుంటుంది. లెక్క తేడా వస్తే ఎక్సెప్షన్ విసురుతుంది.

అమీర్‌పేటలో జావా నేర్చుకుని ఇంటర్వ్యూలకు వెళ్ళే ప్రతివారికీ ఈ ఎక్సెప్షన్ పేరు తెలుసు. ఎక్సెప్షన్ రాని సందర్భం ఒకటి ఉందని తెలిసినవారు తక్కువ, అసలు ప్రమాదం అదే. అయిదు బిల్లులున్న అర్రే లిస్టును తీసుకుని, ఎన్‌హాన్స్‌డ్ ఫర్‌లో నాలుగవ బిల్లు దగ్గర ఉండగా దాన్ని లిస్టులోంచి తీసేశారనుకుందాం. అప్పటికి ఇటరేటర్ లోపలి కర్సర్ (తర్వాత ఇవ్వవలసిన ఎలిమెంటు ఇండెక్స్) విలువ 4. తీసేశాక లిస్టు సైజు కూడా 4 అవుతుంది. హ్యాజ్‌నెక్స్ట్ చేసే పరీక్ష కర్సర్, సైజు సమానం కాదా అన్నది మాత్రమే. రెండూ సమానం కనుక లూప్ అయిపోయిందని చెబుతుంది, నెక్స్ట్‌ను ఎవరూ పిలవరు, మాడ్‌కౌంట్‌ను సరిచూసే అవకాశమే రాదు. ఫలితంగా ఎక్సెప్షన్ రాకుండా, అయిదవ బిల్లును చూడకుండా, లూప్ మర్యాదగా ముగుస్తుంది. అయిదవది కూడా కట్టేసిన బిల్లే అయితే అది లిస్టులో అలాగే మిగిలిపోతుంది. చివరి నుంచి రెండవ ఎలిమెంటును తీసినప్పుడు మాత్రమే ఇలా జరుగుతుంది. అదే అయిదవదాన్ని తీసి ఉంటే కర్సర్ 5, సైజు 4 అయి, హ్యాజ్‌నెక్స్ట్ ఇంకా ఉందనే చెప్పి, నెక్స్ట్ దగ్గర ఎక్సెప్షన్ వచ్చేది. టెస్టు డేటాలో తీసేయవలసినది యాదృచ్ఛికంగా ఆ స్థానంలోనే ఉంటే తప్పుడు కోడ్ పరీక్షలన్నీ నెగ్గి బయటికి వెళుతుంది.

ముందుకు నడిచే ఇండెక్స్ లూప్‌లో తీసేయడం ఇంకో రకం తప్పు. ఇండెక్స్ 1 దగ్గరున్నదాన్ని తీయగానే తర్వాతివన్నీ ఒక స్థానం ముందుకు జరుగుతాయి, లూప్ మాత్రం 2కు వెళ్ళిపోతుంది. కాబట్టి కట్టేసిన బిల్లులు రెండు పక్కపక్కన ఉంటే రెండవది తప్పించుకుంటుంది. వెనక నుంచి ముందుకు నడిపితే ఈ సమస్య రాదు, ఎందుకంటే జరిగేవన్నీ ఇప్పటికే చూసేసినవి. పైథాన్ నుంచి వచ్చేవారికి ఇది కొత్త కాదు: అక్కడ లిస్టుపై ఫర్ లూప్ నడుపుతూ రిమూవ్ చేస్తే ఏ ఎర్రరూ లేకుండా ఎలిమెంట్లు ఇలాగే దాటిపోతాయి.

జావాలో మెరుగైన దారులు రెండు. మొదటిది ఇటరేటర్‌ను చేతితో పట్టుకుని వైల్ లూప్ రాసి, లిస్టు రిమూవ్‌ను కాకుండా ఇటరేటర్ రిమూవ్‌ను పిలవడం. అది కర్సర్‌నూ మాడ్‌కౌంట్ నకలునూ కూడా సరిచేస్తుంది. రెండవది జావా 8 నుంచి ఉన్న రిమూవ్‌ఇఫ్ మెథడ్, దీనికి షరతు ఇస్తే చాలు. ఏది తీయాలో ఒక్క షరతుతో చెప్పగలిగిన ప్రతిచోటా రిమూవ్‌ఇఫ్‌నే వాడాలని నా అభిప్రాయం, దానికి కారణం పొట్టిగా ఉండటం ఒక్కటే కాదు. అర్రే లిస్టులో ఇటరేటర్ రిమూవ్ పిలిచిన ప్రతిసారీ ఆ తర్వాతి ఎలిమెంట్లన్నీ ఒక్కొక్క స్థానం జరగాలి. లక్ష బిల్లులలో ఒకటి విడిచి ఒకటి తీసేస్తే మొత్తం జరుపుళ్ళు మళ్ళీ 250 కోట్ల దగ్గరికే చేరతాయి. ఈ జరపడం గంపగుత్తగా జరిగే పని కనుక నోడ్లు దాటడమంత నెమ్మది కాకపోయినా, అనవసరమైన పనే. రిమూవ్‌ఇఫ్ ముందుగా అందరినీ పరీక్షించి, ఎవరు పోవాలో గుర్తుపెట్టుకుని, మిగిలేవాటిని ఒకేసారి సర్దుతుంది. పైగా షరతు మధ్యలో ఎక్సెప్షన్ విసిరితే లిస్టు ముట్టుకోకుండా ఉండిపోతుంది.

తీసేటప్పుడు రసీదు పంపడం, లాగ్ రాయడం, పది దొరకగానే ఆపేయడం వంటి పనులు కూడా కలిసి ఉంటే ఇటరేటర్‌కే వెళ్ళండి. షరతు లోపల అలాంటి పనులు కుక్కడం చదివేవారిని మోసగించడమే. ఎలిమెంట్ల స్థానంలో కొత్తవాటిని పెట్టాలంటే లిస్ట్ ఇటరేటర్‌లోని సెట్, లేదా లిస్టు మొత్తానికీ వర్తించే రీప్లేస్‌ఆల్ ఉన్నాయి. పూర్ణాంకాల లిస్టు విషయంలో ఒక్క హెచ్చరిక: రిమూవ్‌కు ఇంట్ విలువ ఇస్తే అది ఇండెక్స్ అని అర్థం చేసుకుంటుంది, ఇంటీజర్ ఆబ్జెక్టు ఇస్తే ఆ విలువను వెతికి తీస్తుంది. లిస్ట్.ఆఫ్‌తో తయారైన లిస్టయితే ఈ దారులేవీ పనిచేయవు, అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ ఎదురవుతుంది.

ఫర్‌ఈచ్ మెథడా, స్ట్రీమా?

పైన చెప్పిన మూడింటిలోనూ లూప్‌ను నడిపేది మీ కోడే. తర్వాతిది ఎప్పుడు కావాలో మీరే అడుగుతారు. ఫర్‌ఈచ్ మెథడ్‌లో కలెక్షన్ తానే నడుస్తూ ప్రతి ఎలిమెంటునూ మీరిచ్చిన ల్యామ్డాకు (పేరు లేని చిన్న ఫంక్షన్‌కు) అప్పగిస్తుంది. స్మాల్‌టాక్ అనే పాత భాష కాలం నుంచీ ఉన్న ఈ పద్ధతికి జావాలో ల్యామ్డాలు వచ్చేదాకా అనువైన రాత లేకపోయింది.

పగ్గాలు కలెక్షన్ చేతికి వెళ్ళాయి కాబట్టి కొన్ని వెసులుబాట్లు పోతాయి. ల్యామ్డాలో బ్రేక్ చెల్లదు. రిటర్న్ రాస్తే ఆ ఒక్క ఎలిమెంటు పని మాత్రమే ముగుస్తుంది, అంటే అది కంటిన్యూలాగా ప్రవర్తిస్తుంది. బయటి లోకల్ వేరియబుల్ విలువను మార్చలేరు, కనుక మొత్తం కూడటానికి ఒక్క గది ఉన్న అర్రేలు సృష్టించే విచిత్రాలు కోడ్ రివ్యూలలో కనిపిస్తుంటాయి. ఫైలుకు రాసే పనిలో వచ్చే ఐఓ ఎక్సెప్షన్‌ను ల్యామ్డా లోపలే పట్టుకోవాలి, పైకి పంపడానికి ఆ ల్యామ్డా రకమైన కన్స్యూమర్ ఇంటర్‌ఫేస్ ఒప్పుకోదు. ఒక్క విషయంలో మాత్రం ఇది మెరుగు: అర్రే లిస్టు ఫర్‌ఈచ్ మెథడ్ నడక పూర్తయ్యాక కూడా మాడ్‌కౌంట్‌ను సరిచూస్తుంది కాబట్టి, నాలుగవ బిల్లు ఉదాహరణలోని నిశ్శబ్దపు తప్పు ఇక్కడ ఎక్సెప్షన్‌గా బయటపడుతుంది. ప్రింటు మెథడ్‌కు మెథడ్ రిఫరెన్సు ఇచ్చి ఒక్క వరుసలో ముగించే సందర్భాలలో ఫర్‌ఈచ్ బాగుంటుంది. ల్యామ్డా మూడు నాలుగు వరుసలు దాటితే ఎన్‌హాన్స్‌డ్ ఫర్‌కు తిరిగి రావడమే మేలు.

స్ట్రీమ్ సంగతి వేరు. దాన్ని లూప్‌కు ప్రత్యామ్నాయంగా చూడటం కన్నా, ఒక కలెక్షన్ నుంచి కొత్త ఫలితాన్ని రాబట్టే సాధనంగా చూడటం సరైనది. బ్లాకువారీగా బకాయి తేల్చే పనినే తీసుకోండి: కట్టనివాటిని ఫిల్టర్ చేసి, గ్రూపింగ్‌బై కలెక్టర్‌కు బ్లాకు పేరును కీగా ఇచ్చి, మొత్తాలను కూడమంటే చేతికి మ్యాప్ (కీ, దాని విలువ జతల పట్టిక) వస్తుంది. ఇదే పనిని లూప్‌లో రాస్తే ఖాళీ మ్యాప్ సృష్టి, ‘ఈ బ్లాకు ఇంతకుముందు వచ్చిందా’ అన్న తనిఖీ, పాత మొత్తానికి కొత్తది కూడటం అన్నీ మీ మీద పడతాయి. ఫలితం రాబట్టే చోట స్ట్రీమ్ స్పష్టంగా గెలుస్తుంది. ఏదో ఒక చర్య జరిపించే చోట దాదాపు ఎప్పుడూ గెలవదు. స్ట్రీమ్ తెరిచి, చివర ఫర్‌ఈచ్ పెట్టి, అందులోంచి బయటి అర్రే లిస్టుకు యాడ్ చేసే కోడ్ రెండు పద్ధతుల లోపాలనూ కలుపుకున్నది. దానికి ఎవరైనా ప్యారలల్ అన్న ఒక్క మాట జోడిస్తే, పలు త్రెడ్లు ఒకే అర్రే లిస్టుకు ఏకకాలంలో రాసి ఎలిమెంట్లు మాయమవుతాయి, లేదా ఎక్సెప్షన్ వస్తుంది. ఫలితాన్ని కలెక్ట్‌కు, లేదా 2021లో జావా 16తో వచ్చిన టులిస్ట్‌కు వదిలేస్తే ఆ బెడద లేదు.

స్ట్రీమ్ ఒక్కసారి వాడుకకే పనికివస్తుంది, రెండవసారి దాన్ని నడపబోతే ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్ వస్తుంది. సంఖ్యలు కూడేటప్పుడు మ్యాప్‌టుఇంట్ లేదా మ్యాప్‌టులాంగ్ వాడకపోతే ప్రతి సంఖ్యా ఆబ్జెక్టుగా మారుతూ వృథా ఖర్చవుతుంది. వేగం గురించి ఇంతకు మించి ఆలోచించనక్కరలేదు: అర్రే లిస్టుపై ఇండెక్స్, ఎన్‌హాన్స్‌డ్ ఫర్, ఫర్‌ఈచ్‌ల మధ్య తేడా మామూలు వ్యాపార కోడ్‌లో లెక్కకు రాదు. నిజంగా లెక్కకు వచ్చే చోట ఉన్నారని అనుమానం వస్తే జావా కోడ్ వేగాన్ని కొలిచే జేఎంహెచ్ అనే సాధనంతో కొలిచి చూడండి. మెయిన్ మెథడ్‌లో గడియారం పెట్టి కొలిచిన అంకెలను, ప్రోగ్రామ్ నడుస్తుండగానే కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే జిట్ కంపైలర్ తారుమారు చేస్తుంది.

మ్యాప్‌లు, త్రెడ్లు

మ్యాప్ ఇటరబుల్ కాదు, దాని ఎంట్రీసెట్‌పై నడవాలి. కీసెట్‌పై నడుస్తూ ప్రతి కీకీ గెట్ పిలవడం హ్యాష్ మ్యాప్‌లో అదనపు వెతుకులాట, ట్రీ మ్యాప్‌లో మరింత ఖరీదైన వెతుకులాట. విలువ మార్చాలంటే ఎంట్రీ మీద సెట్‌వ్యాల్యూ, తీసేయాలంటే ఎంట్రీసెట్ మీద రిమూవ్‌ఇఫ్ ఉన్నాయి. హ్యాష్ మ్యాప్‌పై నడవడానికి పట్టే సమయం లోపలున్న ఎంట్రీల మీదే కాక వాటిని దాచే గదుల టేబుల్ పరిమాణం మీద కూడా ఆధారపడుతుందని చాలామంది గమనించరు. పది లక్షల ఎంట్రీలు చేరిన హ్యాష్ మ్యాప్ టేబుల్ 20,97,152 గదులకు పెరుగుతుంది; తర్వాత పది ఎంట్రీలే మిగిల్చినా ఆ టేబుల్ కుదించుకోదు, ప్రతి లూపూ అన్ని గదులనూ తడుముతుంది. తరచుగా లూప్ నడిపే మ్యాప్‌కు లింక్డ్ హ్యాష్ మ్యాప్ మంచిది. అది చేర్చిన వరుసను కాపాడుతుంది, ఉన్న ఎంట్రీల మీదుగా మాత్రమే నడుస్తుంది.

పలు త్రెడ్లు ముట్టుకునే లిస్టును సింక్రనైజ్డ్ లిస్ట్‌లో చుట్టినంత మాత్రాన ఎన్‌హాన్స్‌డ్ ఫర్ భద్రం కాదు, ఆ లూప్ చుట్టూ మీరే సింక్రనైజ్డ్ బ్లాక్ (ఒకసారి ఒక్క త్రెడ్‌నే లోపలికి రానిచ్చేది) రాయాలి. చదవడమే ఎక్కువ, మార్పులు అరుదు అయిన చోట కాపీ ఆన్ రైట్ అర్రే లిస్ట్ హాయిగా ఉంటుంది: ఇటరేటర్ పుట్టిన క్షణంలో ఉన్న లిస్టే చివరిదాకా కనిపిస్తుంది. మ్యాప్‌లకు కాంకరెంట్ హ్యాష్ మ్యాప్ వాడండి.

కలెక్షన్ మీ క్లాసు లోపల ఉన్నప్పుడు

ఇంతవరకూ లూప్ రాసేవారి వైపు నుంచి చూశాం. బిల్లుల పుస్తకం అనే క్లాసును రాసేవారు, తమ లోపలి లిస్టుపై బయటివారు ఎలా నడవాలో కూడా నిర్ణయించాలి, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ రూపకల్పనలో దీని బరువు ఎక్కువ. లోపలి లిస్టునే గెటర్‌తో ఇచ్చేస్తే ఎవరైనా అందులోంచి బిల్లు తీసేయవచ్చు, మీరు వేరుగా దాచుకున్న మొత్తం బకాయి లెక్క తప్పుతుంది. క్లాసును ఇటరబుల్‌గా ప్రకటించి, లోపలి లిస్టు ఇటరేటర్‌ను అలాగే తిరిగి ఇస్తే సమస్య తీరిందనుకోవడం పొరపాటు. ఆ ఇటరేటర్‌లో రిమూవ్ పనిచేస్తుంది. అన్‌మాడిఫయబుల్ లిస్ట్‌లో చుట్టి దాని ఇటరేటర్‌ను ఇవ్వండి. ఇది కేవలం ఒక వీక్షణ కాబట్టి లోపల మీరు చేసే మార్పులు బయటివారికి కనిపిస్తూనే ఉంటాయి, బయటివారు నడుస్తుండగా మీరు మార్చితే వారికి ఎక్సెప్షన్ వస్తుంది. అది వద్దనుకుంటే జావా 10 నుంచి ఉన్న లిస్ట్ కాపీఆఫ్‌తో నకలు ఇవ్వాలి.

ఎలిమెంట్లు మెమరీలో కాకుండా ఫైలులోనో డేటాబేస్‌లోనో ఉన్నప్పుడు నా ఎంపిక మారుతుంది. ఇటరేటర్ ఇస్తే దాన్ని సగంలో వదిలేసినవారు ఫైలును మూయకుండానే వెళ్ళిపోతారు. బదులుగా కన్స్యూమర్‌ను తీసుకునే మెథడ్‌ను మీ క్లాసులో పెడితే, తెరవడం, నడవడం, మూయడం మూడూ మీ చేతిలోనే ఉంటాయి. స్ట్రీమ్ ఇవ్వక తప్పని పరిస్థితిలో, ఫైల్స్ క్లాసులోని లైన్స్ మెథడ్ ఇచ్చే స్ట్రీమ్‌లాగే, దాన్ని ట్రై బ్రాకెట్లలో (పని ముగియగానే తనంతట తానే మూసుకునేటట్టు) తెరవాలని డాక్యుమెంటేషన్ మొదటి వాక్యంలోనే రాయండి.